కల్నల్ గారికి అభ్యంతరం లేదు

ఎన్నికలు ఎలా జరపాలో నేర్చుకు రమ్మని మా ప్రభుత్వం నన్ను అమెరికా పంపించింది. అప్పటికి నేను కాకినాడలో ఎన్నికల డిప్యూటీ తాసీల్దారుని. రెండు సాధారణ ఎన్నికలు నా చేతుల మీదుగా జరిగాయి. గోదావరి వరదలో పడవల మీద బ్యాలెట్ పెట్టెలు దాటించాను. పేరు చెప్పమంటే సిగ్గుపడి మొహం తిప్పేసుకునే ఆడవాళ్ళని బతిమాలి జాబితాలోకి ఎక్కించాను. అదంతా అనుభవం కిందికి రాదని పైవాళ్ళు తేల్చారు. మనకి ప్రజాస్వామ్యం నిన్న కాక మొన్న వచ్చింది, వాళ్ళు దాన్ని తాతల నాటి నుంచీ వాడుతున్నారు, కనక పోయి చూసి నేర్చుకో అన్నారు. ఆ రోజుల్లో ఎవరిని చూసినా ఏదో ఒకటి నేర్చుకోవడానికి ఏదో ఒక దేశం పోతూనే ఉండేవారు. మా పక్క సెక్షను గుమాస్తా కోళ్ళ పెంపకం నేర్చుకోవడానికి డెన్మార్క్ వెళ్ళి, తిరిగొచ్చాక రికార్డు రూముకి బదిలీ అయ్యాడు.

అది వాళ్ళ ప్రెసిడెంటు ఎన్నికల సంవత్సరం. నేను దక్షిణాదివాణ్ణి గనక నన్ను వాళ్ళ దక్షిణాదికే పంపడం సబబని ఢిల్లీలో ఒక అండర్ సెక్రటరీ ఫైలు మీద రాశాడట. ఆ విధంగా నేను ఒక దక్షిణ రాష్ట్రంలో హార్‌గ్రోవ్ అనే కౌంటీలో తేలాను. రాష్ట్రం పేరు చెప్పను. మర్యాదస్తుల రాష్ట్రం, నొచ్చుకుంటారు. కౌంటీ అంటే మన తాలూకా అనుకోండి. మధ్యలో కోర్టు, కోర్టు ముందు కల్నల్ హార్‌గ్రోవ్ గారి కంచు విగ్రహం, చుట్టూ కనుచూపు మేర పత్తి చేలు. అక్కడి మనుషులకి తొందర లేదు. మాటకి ముందొక 'సార్', వెనకొక 'మేడమ్' పెట్టి నాన్చి నాన్చి మాట్లాడతారు. వాళ్ళది ఇంగ్లీషే గాని నా చెవికి అచ్చం మా కోనసీమ మాటలాగే పడేది. అందుకని అలాగే రాస్తున్నాను. తప్పేదైనా ఉంటే నా చెవిది.

దిగగానే ఒక చిక్కు వచ్చింది. కోర్టు వరండాలో రెండు మంచినీళ్ళ పంపులున్నాయి. ఒకదాని మీద 'తెల్లవారికి' అని, రెండోదాని మీద 'రంగువారికి' అని రాసి ఉంది. నాకు దాహంగా ఉంది. నాకు రంగు ఉన్న మాట నిజమే గాని, ఎంత ఉంటే దాన్ని రంగంటారో నాకు తెలియదు. గుమాస్తాకీ తెలియలేదు. విషయం జడ్జి మెరివెదర్ గారి దాకా వెళ్ళింది. ఆయన ఆ కౌంటీకి జడ్జీ, అక్కడున్న ఒకే ఒక్క పార్టీకి అధ్యక్షుడూ, ఓటర్ల నమోదు బోర్డుకి పెద్దా. నన్ను కిందికీ మీదికీ చూసి, చట్టం పుస్తకం ఒకటి తిరగేసి, అతిథి గారికి సోడా ఇప్పించమని తీర్పు చెప్పారు. ఆ కౌంటీలో ఉన్నన్నాళ్ళూ నేను మంచినీళ్ళ మొహం చూడలేదు. మర్నాడు జడ్జి గారి భార్య పాత పట్టు కర్టెనొకటి చింపి నాకు తలపాగా పంపించింది. అది పెట్టుకుంటే విదేశీయుణ్ణని దూరం నుంచే తెలుస్తుందట, ఎవరూ పొరపాటు పడరట. మా ఇంటా వంటా తలపాగా లేదు. అయినా చుట్టుకున్నాను, చుట్టుకున్న దగ్గర్నుంచి హోటల్లో అన్నం పెట్టారు.

నాకు పని నేర్పే బాధ్యత రిజిస్ట్రారు ఎల్బర్ట్ స్టాలింగ్స్ గారి మీద పడింది. ఓటర్ల నమోదు, జననాలు, మరణాలు, కుక్కల లైసెన్సులు అన్నీ ఆయనవే. నలభై అయిదేళ్ళ మనిషి, బొద్దుగా, మెత్తగా ఉంటారు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెప్పడానికి సందు దొరకదు.

మా దేశంలో ఓటు ఎవరికిస్తారని ఆయన మొట్టమొదట అడిగారు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవాళ్ళందరికీ అన్నాను. చదువు రానివాళ్ళకి? ఇస్తాం. సెంటు భూమి లేనివాళ్ళకి? ఇస్తాం. ఆ మనిషి మంచివాడని ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పరు, మేం అడగం అన్నాను. స్టాలింగ్స్ గారు కుర్చీలో వెనక్కి వాలి, మా ఇంట్లో ఎవరో పోయినట్టు నా వంక జాలిగా చూశారు.

వాళ్ళ పద్ధతి వేరు. కొత్తగా ఓటు కావాలన్నవాడు అప్పటికే ఓటరైన ఒకణ్ణి వెంటబెట్టుకు రావాలి. ఆ వచ్చినవాడు బోర్డు ముందు నిలబడి, ఈ మనిషిని నేనెరుగుదును, మంచి నడత గల మనిషి, పూచీ నాది అని ప్రమాణం చెయ్యాలి. దాన్ని పూచీ రూలు అంటారు. దాని ధర్మమా అని తమ జాబితా దేశంలోకెల్లా పరిశుద్ధమైనదని ఆయన చెప్పారు. అందులో నల్లవాళ్ళు ఎందరున్నారని అడిగాను. రూల్లో రంగు ప్రసక్తే లేదని, ఎవరైనా సరే పూచీదారుని తెచ్చుకుంటే ఆ క్షణమే నమోదు చేస్తామని చెప్పి, ఆ తరవాత, ఒక్కరూ లేరని చెప్పారు. జనంలో సగం పైగా నల్లవాళ్ళే. ఓటున్న తెల్లవాడెవడూ వాళ్ళకి పూచీ పడడు, తమలో తాము పడదామంటే వాళ్ళలో ఓటున్నవాడు లేడు. మరి తెల్లవాళ్ళకి పూచీ ఎవరు పడతారంటే, వాళ్ళని అడగరట. మొహం చూస్తే తెలిసిపోతుందట.

ఆ మాటల్లో ఉండగానే లూవీనియా గ్యాస్కిన్స్ గారు వచ్చారు. డెబ్భైకి దగ్గర పడ్డ నల్లావిడ, చర్చికి పెట్టుకునే నీలం టోపీ పెట్టుకుని, చేతిలో తోలు సంచీతో. ఆవిడ మంత్రసాని. నలుపూ తెలుపూ తేడా లేకుండా ఆ కౌంటీలో చాలామంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే, స్టాలింగ్స్ గారితో సహా. తెల్లవాళ్ళు ఆవిణ్ణి అత్త అని పిలుస్తారు. వరస కలుపుతారు గాని పేరు ముందు 'మిసెస్' అనరు, అనకూడదు, అది అక్కడి ఆచారం. వరస కలిపేసి మర్యాద మిగుల్చుకోవడం మా ఊళ్ళోనూ ఉంది గనక నాకది వింతగా తోచలేదు. నోటి అలవాటు కొద్దీ లేచి, నమస్కారం మిసెస్ గ్యాస్కిన్స్ అన్నాను. గుమాస్తా చేతిలో సిరాబుడ్డి ఒలికింది. తలపాగా చూసి క్షమించారు.

"ఓటు కోసం వొచ్చానండి, ఎల్బర్టు బాబుగారూ," అన్నారు ఆవిడ.

"పూచీదారు ఏడీ, అత్తా?"

"తవరున్నారు కదండి. తవరు నన్నెరగరా?"

స్టాలింగ్స్ గారి మొహం ఎర్రబడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఎరుగుదునని, తన కూతురు పుట్టినప్పుడు కూడా పురుడు పోసింది ఆవిడేనని, అయితే అదంతా ఇంటి దగ్గర ఎరగడమని, ఆఫీసు వేళల్లో, రిజిస్ట్రారు హోదాలో, తాను ఆవిణ్ణి ఎరిగి ఉండటానికి వీల్లేదని విడమరిచి చెప్పారు. ఆవిడ అంతా విని, సరేనండి, మళ్ళీ వొస్తాను అని వెళ్ళిపోయారు. ప్రతి ప్రెసిడెంటు ఎన్నికకీ ఇలాగే వస్తుందని, ఇలాగే వెళుతుందని, ఎంతో మంచి మనిషని స్టాలింగ్స్ గారు నాతో అన్నారు. ఆ మాటే ప్రమాణం చేసి చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన కుక్కల లైసెన్సుల పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

నేను బయటికి వచ్చి మెట్ల దగ్గర ఆవిణ్ణి కలుసుకుని, ఇంత పట్టుదల ఎందుకమ్మా అని అడిగాను. ఆవిడకి ఒక్కడే కొడుకు. కొరియా యుద్ధంలో పోయాడు.

"ప్రెసిడెంటు గారి పేరు మీద పిలుపొచ్చిందండి. ఎల్లాడు. మళ్ళీ రాలేదు," అన్నారు. "ఆ పిలిచే మనిషి ఎవురవ్వాలో ఒక్కసారి నేనూ చెప్పి పోదామనండి. ఇంకేం లేదు."

ఆవిడే మాట మార్చి, మీ దేశంలో మంత్రసానికి ఓటుందా అని అడిగారు. ఉందన్నాను. పూచీ ఎవరు పడతారన్నారు. ఎవరూ అక్కర్లేదు, వచ్చి వరసలో నిలబడితే చాలన్నాను. ఆవిడ నమ్మాలో మానాలో తెలియనట్టు నా తలపాగా వంక చూశారు.

"మాది కొత్త కదండీ," అన్నాను. "ఇంకా అనుభవం చాలదు."

ఎన్నికలు నెలన్నర ఉన్నాయనగా వాషింగ్టన్ నుంచి లోరింగ్ అనే ఇన్‌స్పెక్టరు దిగాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు, చెవి మీద పెన్సిలు. రూలు మంచిదా చెడ్డదా అనేది ఆయనకి అనవసరం. అందరికీ ఒకేలా అమలవుతోందా లేదా అన్నది చూసి రాసుకుపోవడమే ఆయన పని. వచ్చిన రోజే జాబితా ముందేసుకుని, ఈ తెల్లవాళ్ళకి పూచీ పడిందెవరు అని అడిగాడు. మొహం చూసి తెలుసుకుంటామని స్టాలింగ్స్ గారు చెబితే, మొహం అనే మాట రూల్లో ఎక్కడుందో చూపించమన్నాడు.

జడ్జి గారు కంగారుపడే మనిషి కాదు. వెంటనే బోర్డు సమావేశం వేశారు. పరిశీలకుడి కింద నాకూ ఒక కుర్చీ, ఒక సోడా ఇచ్చారు.

"మహాశయులారా," అని జడ్జి గారు లేచారు. "ఈ బోర్డు ఎన్నడునూ ఎవరియెడలా పక్షపాతము చూపి ఉండలేదు. చూపినట్లు కనబడుటకు ఆస్కారమిచ్చుట సైతము మన గౌరవమునకు భంగకరము. కావున పూచీ రూలును తెల్లవారైన ఓటర్లందరికినీ వెనుకటి తేదీ నుండి వర్తింపజేయవలసినదిగా ప్రతిపాదించుచున్నాను."

ఏకగ్రీవంగా ఆమోదించారు. అంత గంభీరమైన తీర్మానం మా సచివాలయంలో కూడా చూడలేదు.

మర్నాటి నుంచి ఒకరికొకరు పూచీ పడటం మొదలైంది. అయితే పూచీ పడేవాడికి కూడా ఎవరో ఒకరు పూచీ పడి ఉండాలి కదా అని లోరింగ్ పట్టుకున్నాడు. మంగలికి రొట్టెల దుకాణం ఆయన పూచీ. రొట్టెల ఆయనకి బ్యాంకు మేనేజరు. మేనేజరుకి షెరీఫు, అంటే అక్కడి పోలీసు పెద్ద, షెరీఫుకి జడ్జి గారు. జడ్జి గారికి? వాళ్ళ నాన్నగారు. ఆయన పోయారు. ఆయనకి వాళ్ళ మేనమామ. ఆయనా పోయాడు. అలా తవ్వుకుంటూ పోతే వ్యవహారం శ్మశానంలోకి వెళ్ళి, ఒక్కొక్క సమాధే దాటి, చివరికి కల్నల్ హార్‌గ్రోవ్ గారి దగ్గర ఆగింది. కౌంటీకి మొదటి ఓటరు ఆయన. ఆయనకి ఎవరూ పూచీ పడనక్కర్లేదు, రూలు రాసింది ఆయనే.

"కల్నల్ గారు పోయి ఎనభై ఏళ్ళు కావస్తోంది కదండీ," అన్నాడు లోరింగ్.

"పూచీదారు జీవించి ఉండవలెనని రూలులో ఎచటనూ లేదు," అన్నారు జడ్జి గారు. "వారి పేరు నేటి వరకు జాబితా నుండి కొట్టివేయబడలేదు. కావున వారు చట్టరీత్యా ఓటరు."

లోరింగ్ రూలు మొదటి నుంచి చివరి దాకా చదువుకుని, నిజమే, ఎక్కడా లేదన్నాడు. చచ్చిపోయినవాళ్ళు ఓటెయ్యడం మా కాకినాడలోనూ ఎరుగుదును గాని, పూచీ పడటం అక్కడే చూశాను. మేమింకా అంత దూరం రాలేదు.

నమోదు పూచీదారు సమక్షంలో జరగాలి అని రూల్లో ఉంది. సమక్షానికి విగ్రహం ఉంది. ఇక ప్రమాణం మాటేమిటంటే, అభ్యర్థిని విగ్రహం ముందు నిలబెట్టి కల్నల్ గారిని అడగాలని, ఆయన అభ్యంతరం చెబితే దరఖాస్తు కొట్టెయ్యాలని, చెప్పకపోతే పూచీ పడ్డట్టు రాసుకోవాలని బోర్డు నిర్ణయించింది. అందరికీ ఇదే పద్ధతా అని లోరింగ్ అడిగాడు. అందరికీ ఇదేనని జడ్జి గారు సంతకం పెట్టి ఇచ్చారు.

నమోదు జరిగిన వారం రోజులూ ఆ ఊళ్ళో తిరనాళ్ళే. కోర్టు ముందు షామియానా వేశారు. మహిళా సమాజం వారు నిమ్మరసం పంచారు. తెల్లవాళ్ళు కుటుంబాలతో సహా బండ్లు కట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే విగ్రహం ముందుకు రావడం, స్టాలింగ్స్ గారు టోపీ తీసి తలెత్తి, "కల్నల్ గారూ, ఈ మనిషి నడతకి పూచీ పడటానికి మీకేమైనా అభ్యంతరమా?" అని అడగడం, చేతిలో గడియారం చూసుకుంటూ కాసేపు ఆగడం. కల్నల్ గారి టోపీ మీద పావురాలు అటూ ఇటూ నడిచేవి. అప్పుడు గుమాస్తా, "కల్నల్ గారికి అభ్యంతరం లేదు" అని గట్టిగా చదివి ముద్ర గుద్దేవాడు.

బీమా డబ్బు కోసం తన కొట్టాం తనే తగలబెట్టుకుని జైలుకెళ్ళొచ్చిన ఆసామీ ఒకడున్నాడు. కల్నల్ గారికి అభ్యంతరం లేదు. తూకంలో మోసం చేసే పత్తి షావుకారున్నాడు. అభ్యంతరం లేదు. ఒకరికి తెలియకుండా ఒకరిని ఇద్దరిని పెళ్ళి చేసుకున్న డగ్లస్ పీటర్స్ అనే ఆయన మాత్రం గడియారం తిరుగుతున్నంతసేపూ చెమటలు కక్కి, ముద్ర పడగానే విగ్రహం కాళ్ళ మీద పడి ఏడ్చాడు. అంతటి పెద్దమనిషి నన్ను నమ్మాడు, ఇక బుద్ధిగా బతుకుతాను అన్నాడు. అతని భార్యలిద్దరూ అక్కడే వరసలో ఉన్నారు. వాళ్ళ పట్లా కల్నల్ గారికి అభ్యంతరం లేకపోయింది. తన ప్రజల మీద కల్నల్ గారికి నమ్మకం చెక్కు చెదరలేదని స్థానిక పత్రిక సంపాదకీయం రాసింది.

చివరి రోజు మధ్యాహ్నానికి వరస పల్చబడింది. వరస చివర నీలం టోపీ కనబడింది.

లూవీనియా గారు వచ్చి విగ్రహం ముందు నిలబడి తలెత్తి చూశారు. స్టాలింగ్స్ గారు టోపీ తీసి, అడగకుండానే మళ్ళీ పెట్టుకున్నారు. లోరింగ్ చెవి మీది పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. జడ్జి గారు ముందుకొచ్చి, కల్నల్ గారు ఈమెని ఎరిగి ఉండే అవకాశం లేదు గనక అడగవలసిన పని లేదన్నారు.

"నన్నెరగరు గాని మా తాతని ఎరుగుదురండి," అన్నారు లూవీనియా గారు. "కొన్నది ఆయనే కదండి. మా నాయనమ్మని ఇంకా బాగా ఎరుగుదురు."

నేను విగ్రహం వంక చూసి ఆవిడ వంక చూశాను. ఆ ముక్కే, ఆ నొసలే. జడ్జి గారు కల్నల్ గారికి మునిమనవడు, ఆయన వంకా చూశాను. అదే ముక్కు. నేను పరాయివాణ్ణి గనక నాకు కనబడింది గాని, అక్కడి వాళ్ళకి కనబడదు, పుట్టిన దగ్గర్నుంచీ చూడకుండా ఉండటం అలవాటు.

ఇంతకుముందు ముద్రలు పడ్డవాళ్ళని కల్నల్ గారు ఎలా ఎరుగుదురో చెప్పమని లోరింగ్ అడిగాడు. జడ్జి గారు విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. తరవాత చాలా విచారంగా, కల్నల్ గారి ఎడమ చెవి కింద బీట కనబడుతున్నదని, ఈ పరిస్థితిలో వారిని ప్రశ్నలు అడిగి శ్రమపెట్టడం అమానుషమని, మరమ్మతులు పూర్తయ్యే దాకా వారు ఎవరికీ అందుబాటులో ఉండరని ప్రకటించారు. పావుగంటలో పత్తి బస్తాల మీద కప్పే పెద్ద టార్పాలిన్ ఒకటి తెచ్చి విగ్రహానికి తల నుంచి కాళ్ళ దాకా కప్పి తాడుతో కట్టారు. మరమ్మతులు ఎప్పటికి అవుతాయన్నాడు లోరింగ్. ఎన్నికల మర్నాటికి అన్నారు జడ్జి గారు. ఎవరికీ అందుబాటులో ఉండరు అన్న మాట లోరింగ్ రాసుకున్నాడు.

లూవీనియా గారు ఆ టార్పాలిన్ ముందు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఎన్నికల రోజు వచ్చింది. ప్రెసిడెంటు ఎన్నికే గాని, ఓటు చీటీ మీద ప్రెసిడెంటు పదవికి పోటీ చేసేవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. పార్టీ బొమ్మ, దాని కింద కొందరు పెద్దల పేర్లు. ఆ పెద్దలు గెలిచి, తరవాత తీరిగ్గా కూర్చుని, తమకు తోచినవాణ్ణి ప్రెసిడెంటు కింద ఎంచుకుంటారట. మా దగ్గర చదువు రానివాళ్ళ కోసం బొమ్మలు పెట్టాం, ఇక్కడ చదువుకున్నవాళ్ళకి కూడా పెట్టారని నోట్సులో రాసుకున్నాను.

పోలింగు కోర్టులోనే. ముందుగా జడ్జి గారు ఓటు వెయ్యడం ఆచారం. ఆయన చీటీ కోసం చెయ్యి చాపగానే లోరింగ్ కుర్చీలోంచి లేచి, పూచీ రూలు చివరి వాక్యం చదివి వినిపించాడు. పోలింగు రోజున ఎవరైనా అడిగితే పూచీదారుని చూపించాలని, చూపించలేకపోతే ఆ ఓటు చెల్లదని అందులో ఉంది. నల్లవాళ్ళెవరైనా ఎలాగో జాబితాలోకి దూరిపోతే ఆఖరి క్షణంలో ఆపడానికి కల్నల్ గారే ముందుచూపుతో రాసిపెట్టిన వాక్యమది. ఇన్నాళ్ళూ దానితో అవసరం పడలేదు.

"నేను అడుగుతున్నానండి," అన్నాడు లోరింగ్. "మీ పూచీదారుని చూపించండి."

అందరూ కిటికీలోంచి టార్పాలిన్ వంక చూశారు. దాని పక్కనే నీలం టోపీ. లూవీనియా గారు పొద్దున్నే వచ్చి అక్కడ నిలబడ్డారు. టార్పాలిన్ తీస్తే కల్నల్ గారు అందరికీ అందుబాటులోకి వచ్చినట్టు, అప్పుడు ఆవిడ గురించి కూడా ఆయన్ని అడగక తప్పదు. తియ్యకపోతే ఎవరికీ లేనట్టు. లోరింగ్ ఎటూ మొగ్గలేదు. మీ ఇష్టం, అందరికీ ఒకటే ఉండాలి, అంతే అన్నాడు.

బోర్డు అప్పటికప్పుడు లోపలి గదిలో సమావేశమైంది. తలుపు దగ్గర పెద్ద గుంపు. ఓటు కోసం తెల్లారుజామునే లేచి వచ్చిన రైతులున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. ఒక్క ముసలమ్మ ఓటేస్తే కొంపలేమీ మునిగిపోవు, టార్పాలిన్ తీసెయ్యండి అని రెండు పెళ్ళిళ్ళ పీటర్స్ ఒక్కడే అన్నాడు. నడత సరిగా లేనివాళ్ళు ఇలాంటి విషయాల్లో మాట్లాడకూడదని అందరూ అతని నోరు మూయించారు. నాకు లోపల్లోపల ఆశగా ఉంది. ఇంతమంది తమ ఓటు వదులుకోవడానికి ఒప్పుకోరు, అది మనిషి స్వభావంలో లేదు అనుకున్నాను. నాకు అనుభవం చాలదని పైవాళ్ళు ఊరికే అనలేదు.

జడ్జి గారు బయటికొచ్చి కుర్చీ ఎక్కారు.

"సోదర సోదరీమణులారా. మన పూర్వికులు మనకు అప్పగించిన ఓటు పవిత్రమైనది. దాని పవిత్రతను కాపాడుటకు ఈ దినము దానిని ఎవరమూ వినియోగించరాదని బోర్డు తీర్మానించినది."

జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంత త్యాగం చేసినందుకు ఒకరినొకరు అభినందించుకుంటూ, నిమ్మరసం తాగి, బండ్లెక్కి ఇళ్ళకి పోయారు. ఒక్క మంత్రసాని ఓటెయ్యకుండా ఉండటానికి కౌంటీ కౌంటీ అంతా ఓటు మానేసింది. ఆ మధ్యాహ్నం లోరింగ్ తన నివేదిక పూర్తి చేశాడు. కౌంటీలో వివక్ష కనబడలేదు, తెల్లవారు గాని నల్లవారు గాని ఎవరూ ఓటు వేయలేదు, సమానత్వం సంపూర్ణం అని రాసి రైలెక్కాడు. పోలింగు టైము ఇంకా ముగియకుండానే, కౌంటీ ఫలితం చెప్పమని రాష్ట్ర రాజధాని నుంచి ఫోనొస్తే జడ్జి గారు పోయినసారి ఫలితమే చదివేశారు. పెట్టెలో చీటీ ఒక్కటీ లేదు కదండీ అన్నాను. మా ప్రజలు మాట మీద నిలబడే మనుషులు, మాటిమాటికీ అడిగితే అవమానించినట్టవుతుంది అన్నారు ఆయన. రాజధాని వాళ్ళు మారు మాట్లాడకుండా రాసుకున్నారు.

లూవీనియా గారు అప్పటికీ టార్పాలిన్ పక్కనే ఉన్నారు. పోలింగు ముగిసే టైము దాకా తన వంతు నిలబడతానన్నారు. గంట రెండున్నర అవుతుండగా స్టాలింగ్స్ గారు టోపీ లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆయన కూతురు ఇర్మాకి నొప్పులు మొదలయ్యాయట. ఊళ్ళో ఉన్న ఒక్క డాక్టరూ పార్టీ పని మీద రాజధానికి పోయాడు.

"అత్తా, నువ్వు రావాలి," అన్నారు. ఆఫీసు వేళలు ఇంకా అయిపోలేదు.

ఆవిడ కోర్టు గడియారం వంక ఒకసారి చూసి, సంచీ తీసుకున్నారు. సంచీ నేను అందుకుని, కోర్టు ముందున్న స్టాలింగ్స్ గారి కారెక్కాను. నా చేతిలో చల్లటి సోడా ఒకటుంటే ఆవిడకిచ్చాను. పొద్దుటి నుంచి గొంతు తడుపుకోలేదట, గటగటా తాగేశారు.

పురుడు కష్టమైంది. నేను వరండాలో కూర్చున్నాను, స్టాలింగ్స్ గారు నా ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. తిరిగి తిరిగి ఆగి, ఆవిడ ఉంటే భయం లేదండి, ఆవిడ చెయ్యి అలాంటిది అని నాకు పూచీ పడ్డారు. చీకటి పడుతుండగా బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. ఆయన వరండా స్తంభం పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చేశారు.

పుట్టుక కాగితం రిజిస్ట్రారు ఇంట్లోనే ఉంది గనక అక్కడికక్కడే నింపారు. ఈ బిడ్డ నా ఎదుట పుట్టింది, నేనెరుగుదును అని చెప్పేవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ చోట ఆవిడ సంతకం పెడుతుంటే నాకు తట్టింది, ఆ ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళలో చాలామందికి ఫలానా రోజున ఫలానా వాళ్ళకి పుట్టామనడానికి ఉన్న సాక్ష్యం ఆవిడ మాటొక్కటే. దానికి మాత్రం ఆవిడ నడత ఎలాంటిదని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

లూవీనియా గారు చేతులు తుడుచుకుని నీలం టోపీ పెట్టుకున్నారు.

"ఈ పిల్లని నేనెరుగుదునండి, ఎల్బర్టు బాబుగారూ. పూచీ నాది," అన్నారు. "ఇరవై ఒకటి నిండి, ఓటుకి మనిషి కావాల్సొస్తే కబురెట్టండి, వొస్తాను. నేను పోయినా పర్లేదంట కదండి, రూల్లో లేదంట."

ఆయన పుట్టుక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మరి నన్నెరిగిన వాళ్ళు ఎవురైనా ఉన్నారాండి?"

స్టాలింగ్స్ గారు మనవరాలి మొహం వంక చూస్తూ నిలబడ్డారు. నేను గోడ గడియారం వంక చూశాను. కల్నల్ గారికిచ్చిన టైము కంటే చాలా ఎక్కువే గడిచింది. ఆయన నోరు విప్పలేదు. ఆ కౌంటీ రూలు ప్రకారం చూస్తే, లూవీనియా గ్యాస్కిన్స్ గారు ఆ క్షణంలో ఓటరైపోయారు. పోలింగు టైము ముగిసి అప్పటికి గంటయింది.